ఆల్ప్స్‌కి కారా, రైలా? మా ఇంట్లో రెండు నెలల చర్చ

దసరా సెలవుల్లో స్విట్జర్లాండ్ అనుకున్న రోజు నుంచి టికెట్లు చేతికొచ్చే దాకా మా ఇంట్లో ఒకటే చర్చ, కారా రైలా అని. మా ఆయనకి డ్రైవింగ్ అంటే ప్రాణం, బెంగళూరు నుంచి అనంతపురం ఎన్నిసార్లు వెళ్లినా స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వరు, రాత్రి పన్నెండు దాకా ఆల్ప్స్ ఘాట్ రోడ్ల వీడియోలు చూస్తూ కూర్చునేవారు. నేను రైలే అన్నాను. ఎందుకన్నానో తెలియాలంటే ముందు ఊటీ సంగతి చెప్పాలి.

రెండేళ్ల కింద మారతహళ్లి నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరి, పొద్దున 6కి బండీపూర్ గేటు తీయగానే లోపలికి వెళ్లి, మసినగుడి మీదుగా కల్లట్టి ఘాట్ ఎక్కాం. 36 హెయిర్‌పిన్ మలుపులు. అదిగో లోయ, అదిగో మబ్బు అని వెనక సీట్లో పిల్లలు అరుస్తూనే ఉన్నారు, ఆయన ఒక్కసారి కూడా తల తిప్పలేదు, తిప్పకూడదు కూడా కదా. రాత్రి రూమ్‌లో ఫోటోలు చూపిస్తే "ఇది మనం వచ్చిన దారేనా?" అన్నారు. ఆ మాటకి నాకు నిజంగా బాధేసింది. మర్నాడు కూనూర్ నుంచి ఊటీకి టాయ్ ట్రైన్ ఎక్కితే మాత్రం పిల్లలకి కూడా కిటికీ ఇవ్వకుండా గంటకి పైగా బయటికే చూస్తూ కూర్చున్నారు. బండి నడిపే మనిషికి కొండల్లో సెలవు ఉండదు, డ్యూటీయే ఉంటుంది. ఇన్ని లక్షలు పోసి అంత దూరం వెళ్లి మళ్లీ ఆయన్ని డ్యూటీలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

సరే, లెక్కలు కూడా చూడాలి కదా. మేం ఐదుగురం, నేను, ఆయన, అత్తయ్య, పన్నెండేళ్ల పెద్దోడు, ఎనిమిదేళ్ల చిన్నది. ఐదుగురంటే కారే చవక అని అందరూ చెప్పారు, మనిషికో టికెట్ కొనాలంటే ఆ మాట నిజమే, కానీ అక్కడ స్విస్ ట్రావెల్ పాస్ అని ఒకటుంది, 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది, రైలు, బస్సు, సరస్సుల్లో పడవ అన్నీ దాంట్లోనే, అమ్మానాన్నలతో కలిసి వెళ్లే 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకి ఫ్యామిలీ కార్డు ఫ్రీగా ఇస్తారు. అంటే మాకు ముగ్గురి పాసులే. అటు కారు కోసం అద్దె, ఇన్సూరెన్స్, పెట్రోలు, ఎక్కడికెళ్లినా పార్కింగ్, ఇవన్నీ ఒక కాగితం మీద వేస్తే తేడా మేం అనుకున్నంత లేదు. పైగా కారు తీసుకున్నా మంచి ఊళ్లు కొన్నింటికి కారు వెళ్లదు. జెర్మట్ వెళ్లాలంటే 5 కిలోమీటర్ల ముందే టాష్‌లో కారు పెట్టేసి రైలెక్కాలి, వెంగెన్, మ్యూరెన్ కూడా అంతే. కారుకి అద్దె కట్టి, దాన్ని పార్కింగ్‌లో పెట్టి దానికీ కట్టి, మళ్లీ రైలు టికెట్ కొనడం ఎందుకు?

పాస్ ఉంటే అన్నీ ఫ్రీ అని మాత్రం అనుకోకండి. రిగి కొండ రైలు పూర్తిగా పాస్‌లోనే వస్తుంది, 1871లో మొదలైన లైను అది, యూరప్‌లో మొదటి పళ్లచక్రాల కొండ రైలు. యుంగ్‌ఫ్రౌయోఖ్ అనే మంచు కొండల మీది స్టేషన్‌కి అయితే గ్రిండెల్వాల్డ్ లేదా వెంగెన్ వరకే పాస్, ఆ పైన 25 శాతం తగ్గింపు మాత్రమే, మా మొత్తం ట్రిప్‌లో బరువైన టికెట్ అదే. 3,454 మీటర్ల ఎత్తు, అత్తయ్యకి తల తిరుగుతుందేమో అని భయపడ్డా కానీ నిదానంగా నడిపిస్తే బాగానే ఉన్నారు.

జూరిక్‌లో ఎయిర్‌పోర్ట్ కిందే రైల్వే స్టేషన్. ఐదు సూట్‌కేసులు, అందులో ఒకటి సగం బియ్యం, పప్పుల పొడి, చిన్న కుక్కర్. మేం ఉండబోయే లౌటర్‌బ్రున్నెన్ చేరేలోపు బెర్న్‌లో ఒకసారి, ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో ఒకసారి మారాం. రైల్లో ఉన్న అసలు కష్టం ఇదే, దాచను, ప్లాట్‌ఫామ్ మారడానికి చేతిలో నిమిషాలే ఉంటాయి, అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, కూలీలు ఎవరూ ఉండరు, మన సామాను మనమే లాగాలి. అందుకే ఊరూరా హోటల్ మార్చకుండా లౌటర్‌బ్రున్నెన్‌లో ఒకే ఇల్లు తీసుకుని ఎనిమిది రోజులూ అక్కడే ఉండి, రోజూ పొద్దున చిత్రాన్నం డబ్బాల్లో కట్టుకుని బయల్దేరేవాళ్లం. రైలు ట్రిప్ ప్లాన్ చేసేవాళ్లు ఈ ఒక్కటి చేస్తే సగం తలనొప్పి పోతుంది.

ఇంకో విషయం, ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో ఎక్కే కొండ రైలు త్స్వైల్యూచినెన్ అనే చిన్న స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది, సగం బోగీలు లౌటర్‌బ్రున్నెన్‌కి, సగం గ్రిండెల్వాల్డ్‌కి. మూడో రోజు రద్దీలో సీటు దొరికిందని అత్తయ్య, చిన్నది ఒక బోగీలో, మేం వేరే బోగీలో ఎక్కేశాం. రైలు కదిలాక పెద్దోడు బోర్డు చదివి "నాన్నా, నానమ్మ వాళ్ల బోగీ గ్రిండెల్వాల్డ్ పోతాది" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది, అత్తయ్య దగ్గర ఫోన్ ఉంది కానీ అక్కడి సిమ్ లేదు. విడిపోయే స్టేషన్‌లో ఆగగానే ఆయన దిగి ప్లాట్‌ఫామ్ మీద పరిగెత్తి ఇద్దర్నీ చెయ్యి పట్టుకుని తెచ్చారు. ఎక్కే ముందు బోగీ మీద రాసింది చదవండి, ప్రతిసారీ.

ఇంత చెప్పాక, కారుకి దక్కాల్సిన మాట కారుకి చెప్పాలి. ఒక్క రోజు మాత్రం ఆయన కోసం కారు తీసుకున్నాం, గ్రిమ్సెల్, ఫుర్కా, సుస్టెన్, మూడు కనుమలు ఒకే చుట్టులో. దసరా సెలవులు కాబట్టి కుదిరింది, ఎండాకాలం సెలవుల్లో వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి, మే నెలలో ఈ రోడ్లు సాధారణంగా ఇంకా మంచు కిందే ఉంటాయి. ఆర్టీఓలో వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే తీసుకెళ్లాం, అది ఒక సంవత్సరం పనికొస్తుంది. ఆటోమేటిక్ కావాలని ముందే చెప్పాం. అయినా కౌంటర్ దగ్గర గంట పోయింది, డ్రైవర్ ఆయన, క్రెడిట్ కార్డు నా పేరు మీద, డిపాజిట్‌కి డ్రైవర్ పేరు మీదున్న కార్డే కావాలన్నారు, బుకింగ్ అప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. చివరికి ఆయన పాత కార్డు ఒకటి పర్సులో ఉంది కాబట్టి బతికిపోయాం.

అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి, మొదటి అరగంట నేను పక్కన కూర్చుని ప్రతి సర్కిల్ దగ్గరా "కుడి, కుడి" అంటూనే ఉన్నా. ఫుర్కా 2,429 మీటర్లు. అక్కడ రోన్ గ్లేసియర్ అంచున మంచు కరిగిపోకుండా తెల్ల దుప్పట్లు కప్పి ఉంచారు, దగ్గరికెళ్లి చూస్తే గాలికి చివర్లు రెపరెపలాడుతున్నాయి, మంచం పట్టిన మనిషికి దుప్పటి కప్పినట్టు అనిపించి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. కారు కాబట్టే అక్కడ మాకు కావల్సినంత సేపు ఆగగలిగాం. దిగేటప్పుడు ఒక మలుపు అవతల నుంచి మూడు స్వరాల హారన్ వినిపించింది, పసుపు రంగు పోస్ట్ బస్సు, అంటే అక్కడి ఊళ్ల మధ్య జనాన్ని తిప్పే బస్సు, వస్తోందని గుర్తు, ఆ రోడ్ల మీద దానికే దారివ్వాలి. ఆయన అంచుకి తీసి ఆపేశారు, బస్సు మా అద్దానికి జానెడు దూరంలో వెళ్లింది, అందరం ఊపిరి బిగబట్టాం. సాయంత్రం కారు తిరిగిచ్చాక ఆయన మొహం వెలిగిపోతోంది, "ఈ ఒక్క రోజు చాలు, రేపు రైలే" అన్నారు.

అడిగిన వాళ్లందరికీ ఇప్పుడు ఇదే చెప్తున్నా, స్విట్జర్లాండ్ అయితే రైలు, ఆశ ఉంటే ఒకట్రెండు రోజులు కారు. అదే ఇటలీ వైపు డోలొమైట్స్ కొండలైతే నేనే కారు తీసుకోమంటా, కోర్టినా లాంటి ఊరికి రైలు లైనే లేదు, బస్సుల టైములు పట్టుకుని పెద్దవాళ్లతో తిరగడం కష్టం. ఒక్క జాగ్రత్త, ఇటలీలో పాత ఊళ్ల మధ్యకి బయటి కార్లు రాకూడదు, కెమెరాలుంటాయి, ఇంటికొచ్చాక జరిమానా వస్తుంది.

వచ్చేసారి మాది అదే ప్లాన్. మొన్న ఆదివారం చెప్తే అత్తయ్య విని కాసేపు ఆలోచించి "కారైతే కారు, ఒక్క దినమన్నా రైలు పెట్టు నాయనా" అన్నారు. అందుకని ఆయన ఇప్పుడు సెయింట్ మోరిట్జ్ నుంచి బెర్నినా లైను మీద ఇటలీలోని టిరానో దాకా మామూలు రైల్లో వెళ్లి, ఆ తర్వాత ఎక్కడ కారు తీసుకుంటే బాగుంటుందో చూస్తున్నారు.