కాటుకతో గోల్డ్ క్రీక్ చెరువు దాకా

మా కుక్క కాటుక నాలుగో కాలికి బూటీ, అంటే కుక్కలకు వేసే బూటు, తొడిగేసరికి మొదటి కాలిది ఊడిపోయింది. మళ్లీ తొడిగాను. కారు డిక్కీ తలుపు కింద మంచులో మోకాళ్ల మీద కూర్చుని, గ్లవ్స్ తీసేసి వెల్క్రో పట్టీలు బిగిస్తుంటే వేళ్లు మొద్దుబారిపోతున్నాయి. జనవరి శనివారం, ఉదయం ఎనిమిదిన్నర, మైనస్ ఆరు డిగ్రీలు. పక్కనే మా రెండో కుక్క బూరె మంచులో వీపు ఆనించి నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి దొర్లుతోంది.

బూరెను సియాటిల్‌లోనే ఒక షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. హస్కీ కలిసిన జాతి, బెల్లం పాకం రంగు. కాటుక హన్మకొండ వీధికుక్క. మా అమ్మ గేటు దగ్గర పెరుగన్నం తిని పెరిగింది. నాన్న పోయాక అమ్మ హైదరాబాద్‌లో అన్నయ్య ఫ్లాట్‌కు మారాల్సి వచ్చింది. అక్కడ కుక్కను ఉంచుకునే వీల్లేదన్నారు. ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజు అమ్మ ఏడ్చింది కాటుక కోసమే. 2019లో మైక్రోచిప్ వేయించి, రేబిస్ టీకా కాగితాలు పట్టుకుని విమానంలో ఇక్కడికి తీసుకొచ్చాం. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీల్లో మోరీ పక్క తడి మట్టిలో పడుకున్న కుక్క అది. ఇప్పుడు దాన్ని మంచు కొండకు తీసుకెళ్తున్నానని నాకు ముందు రోజు నుంచే టెన్షన్.

దారిలో అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ రాత్రి పది కావస్తోంది.

"కుక్కకు బూట్లు కొన్నవ్, సరే. నువ్వు మంచిగ తొడుక్కున్నవా బిడ్డా?"

"తొడుక్కున్ననే అమ్మా."

"అది నోరు తెరిచి చెప్పదు. నువ్వే చూసుకోవాలె."

సియాటిల్ నుంచి ఐ-90 రహదారి మీద తూర్పుకు గంట ప్రయాణం చేస్తే స్నోక్వాల్మీ కనుమ వస్తుంది. ఎత్తు 3,022 అడుగులే. మన హార్స్‌లీ హిల్స్ అంతకన్నా ఎత్తు. అయినా పసిఫిక్ మీది నుంచి వచ్చే తేమంతా కాస్కేడ్ కొండలకు తగిలి ఇక్కడే కురుస్తుంది కాబట్టి, ఏడాదికి సగటున 400 అంగుళాలకు పైగా మంచు పడుతుంది. కనుమ దాటి కొద్ది దూరం వెళ్లాక ఎగ్జిట్ 54 దగ్గర దిగితే గోల్డ్ క్రీక్ స్నో-పార్క్, అంటే మంచులో తిరగడానికి వచ్చేవాళ్లు బండి ఆపుకునే చోటు. శీతాకాలంలో ఇక్కడ బండి ఆపాలంటే స్నో-పార్క్ పర్మిట్ ఉండాలి. రోడ్డుకు రెండు వైపులా యంత్రాలు తోసిన మంచు నా ఎత్తును మించి గోడలా నిలబడి ఉంది.

చాలామంది మనవాళ్లు మంచు చూడాలంటే ముందు మౌంట్ రెయినియర్ పేరు చెబుతారు. అది నేషనల్ పార్క్. అక్కడ ట్రైల్స్ మీదకు గానీ మంచు మీదకు గానీ కుక్కలను రానివ్వరు. గోల్డ్ క్రీక్ నేషనల్ ఫారెస్ట్ భూమి, లీష్ (పట్టుకునే తాడు) కట్టి ఉంటే కుక్కలు రావచ్చు. అందుకే మాకు ఈ లోయ.

చెరువు దాకా దారి మైలు పైచిలుకు. వేసవిలో కార్లు వెళ్లే రోడ్డే, శీతాకాలంలో మంచు తీయరు. ఇక్కడి మంచు తేమతో బరువుగా ఉంటుంది, స్కీయింగ్ చేసేవాళ్లు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. ఆ రోజు మాత్రం రాత్రి చలికి పైన నాలుగు వేళ్ల మందాన పొడి మంచు పరుచుకుని ఉంది. బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి స్నోషూ వేసుకుంటే మన బరువు వెడల్పుగా పరుచుకుంటుంది, కింద ఇనుప పళ్లు గట్టి మంచును పట్టుకుంటాయి. అవి లేకుండా నడిస్తే కాలు తొడ దాకా దిగబడుతుంది. ఆ గుంటలు రాత్రికి గడ్డకట్టి, మర్నాడు వచ్చే వాళ్లకూ కుక్కలకూ కాళ్లు మడతపడే గోతులవుతాయి. ఊరికే బూట్లతో వచ్చి దారంతా గుంటలు చేసిపోయే వాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

కుక్కతో స్నోషూయింగ్ చేసేటప్పుడు ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. కుక్క తెలివైనది. మనం తొక్కిన చోటే మంచు గట్టిగా ఉంటుందని ఇట్టే కనిపెట్టి సరిగ్గా మన వెనకే నడుస్తుంది. దాని కాలు మన స్నోషూ తోక మీద పడిందంటే మనం ముందుకు బోర్లా పడతాం. కాటుక నన్ను అలా రెండుసార్లు పడేసింది. తర్వాత లీష్ నడుముకు కట్టుకుని, "కాటూ, ఆగు... ఇప్పుడు పా" అంటూ రెండడుగుల ఎడం అలవాటు చేశాను. కాటుకకు తెలుగు మాటలే తెలుసు, బూరెకు ఇంగ్లిష్. మా ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సిందే.

బూరెను మా ఆయన పట్టుకున్నారు. నిజానికి బూరే ఆయన్ను పట్టుకుపోయింది. దాని వీపు మీద పడ్డ మంచు కరగకుండా అలాగే నిలిచి ఉంది. పైన గరుకు వెంట్రుక, కింద దూదిలాంటి రెండో పొర, లోపలి వేడి బయటికే రాదు. కాటుకకు ఉన్నది పొట్టి వెంట్రుకల ఒక్క పొర, పల్చని చెవులు, ఒంట్లో కొవ్వు లేదు. దానికి ఉన్ని లైనింగ్ కోటు వేసి, మెడకు మఫ్లర్ లాంటిది చుట్టాను.

కానీ మొదట ఆగిపోయింది బూరె. అర మైలు దాటాక కుంటుతూ నిలబడి ముందరి కాలు నాకడం మొదలుపెట్టింది. వేళ్ల సందుల్లోని బొచ్చుకు మంచు అంటుకుని గోలీకాయలంత గడ్డలు కట్టింది. దట్టమైన బొచ్చున్న కుక్కలకు ఇదే పెద్ద ఇబ్బంది. వాటిని పీకకూడదు, బొచ్చుతో పాటు చర్మం లేస్తుంది. మా ఆయన గ్లవ్స్ తీసి ఆ పాదాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కరిగించారు. వేళ్ల మధ్య బొచ్చు కత్తిరించి పాదాలకు మైనం రాయాల్సింది, బూరెకు ఏం కాదులే అనుకుని నేనే వదిలేశాను. వేళ్ల మధ్య బొచ్చే లేని కాటుక మాత్రం తోక ఊపుకుంటూ నిలబడి చూసింది.

చెరువు దగ్గరికి వచ్చేసరికి ఎండ వచ్చింది. ఇది సహజంగా పుట్టిన చెరువు కాదు. ఐ-90 రహదారి కట్టేటప్పుడు కంకర తవ్విన గుంతలో నీళ్లు నిలిచి ఏర్పడింది. ఆ మాట తెలియకపోతే ఎవరూ నమ్మరు. ఎడమ చేతి వైపు కెండల్ శిఖరం, కుడివైపు రాంపార్ట్ రిడ్జ్, ఎదురుగా దూరాన చికమిన్, అన్నీ తెల్లగా. ఇక్కడికి దగ్గర్లో ఐ-90 మీద ఉన్న వంతెనలు కూడా నాకు ఇష్టం. జింకలూ ఎలుగులూ రోడ్డెక్కి చావకుండా కింద నుంచి దాటడానికి, గోల్డ్ క్రీక్ దగ్గర రహదారినే పైకెత్తి కట్టారు.

చెరువు దాటి లోయలో ఇంకా పైకి వెళ్లాలని నా కోరిక. వేసవిలో రెండుసార్లు వెళ్లాను. శీతాకాలంలో ఆ లోయ వేరు. కొండ వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడడాన్ని అవలాంచ్ అంటారు. ముందు రాత్రి దాని మీద నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వాళ్ల సూచన చదివాను. ప్రమాదం అయిదు మెట్లలో చెబుతారు. ఆ రోజు కొండ పైభాగంలో మూడు, కింద రెండు. అయిదులో మూడంటే మధ్యస్థం అనుకుంటారు గానీ, చాలా ప్రమాదాలు జరిగేది ఆ మూడో మెట్టు రోజుల్లోనే. మనం కింద నడుస్తున్నా, జారే మంచు పై నుంచే వస్తుంది. కెండల్ వాలు మీద చెట్లు లేని చారలు కిందిదాకా దిగి ఉన్నాయి, అవి అవలాంచ్‌లు దిగే దారులు. ఇదే కాస్కేడ్ కొండల్లో స్టీవెన్స్ కనుమ దగ్గర 1910 మార్చి 1న వెల్లింగ్టన్‌లో ఆగి ఉన్న రెండు రైళ్లను మంచు తోసేసి 96 మందిని చంపింది. అందుకని మొదటి చార రాకముందే, చెట్ల మధ్యనే ఆగిపోవాలని ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకున్నాం. అక్కడికి ఇంకో ముప్పావుగంట నడక.

చెరువు ఒడ్డున ఫ్లాస్క్‌లో టీ పోసుకుని, చపాతీలో చుట్టుకొచ్చిన కోడికూర తిన్నాం. పది నిమిషాలు కూడా కాలేదు. కాటుక వైపు చూస్తే వీపు విల్లులా వంచి, తోక కడుపు కిందికి లాక్కుని నిలబడి ఉంది. ముందు కుడి కాలు ఎత్తింది, దించి ఎడమది ఎత్తింది. తొడలు సన్నగా వణుకుతున్నాయి. వెనక ఎడమ కాలికి బూటీ లేదు.

కుక్కల పాదాల్లో వెచ్చటి రక్తం తెచ్చే నాళాలూ, చల్లబడ్డ రక్తం వెనక్కి తీసుకెళ్లే నాళాలూ పక్కపక్కనే ఉంటాయి. పాదానికి వచ్చే రక్తం వేడి, వెనక్కి పోయే చల్లటి రక్తాన్ని వెచ్చబరుస్తుంది. అందుకే మంచు మీద నిలబడ్డా వాటి పాదాలు అంత త్వరగా గడ్డకట్టవు. కాటుక సమస్య పాదం కాదు, ఒళ్లు. నడిచినంతసేపూ వెచ్చగా ఉంది, ఆగగానే వేడి జారిపోయింది. పైగా దాహానికి దారిపొడవునా మంచు తిన్నది, దాంతో లోపల కూడా చల్లబడింది. ఫ్లాస్క్‌లో గోరువెచ్చని నీళ్లు దాని కోసమే తెచ్చాను, దారిలో పట్టించాల్సింది.

"ఇంకాస్త నడిస్తే వేడెక్కుతుందేమో. అక్కడిదాకా వెళ్లొద్దామా?" అన్నారు ఆయన. ఆయన తప్పేం లేదు, ఆకాశం అంత శుభ్రంగా ఉన్న రోజు ఆ శీతాకాలంలో మళ్లీ రాకపోవచ్చు. నాకు అమ్మ మాటే చెవిలో ఉంది.

"వద్దు. ఇంటికి పోదాం."

గోరువెచ్చని నీళ్లు తాగించి, నా డౌన్ జాకెట్ విప్పి కాటుక కోటు మీద చుట్టి, జాకెట్ చేతులు దాని పొట్ట కింద కట్టాను. వెనక కాలికి నా స్పేర్ ఉన్ని సాక్స్ తొడిగి రబ్బరు బ్యాండ్ వదులుగా వేశాను. పన్నెండేళ్ల కిందట ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కు వెళ్లినప్పుడు సాంక్రీ ఊరి కుక్క ఒకటి మా వెంట శిఖరం దాకా, 12,500 అడుగుల ఎత్తుకు వచ్చింది. ఒళ్లంతా జడలు కట్టిన బొచ్చుతో, రాత్రి టెంట్ బయట మంచులోనే పడుకుంది. కుక్కలు మంచును తట్టుకుంటాయని అప్పుడు నాలో పడిన నమ్మకం ఆ కొండ కుక్కది. హన్మకొండ కుక్కకు అది వర్తించదని ఈ ఒడ్డున నిలబడ్డాక గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

వెనక్కి నడక చురుగ్గా సాగింది. పావుగంటకు కాటుక వణుకు తగ్గింది, తోక కడుపు కింద నుంచి బయటికొచ్చింది. అర మైలు గుర్తు దగ్గర, బూరె కాలు కరిగించిన చోట, ఎవరో పుణ్యాత్ములు ఊడిపోయిన ఎర్ర బూటీని ఫర్ చెట్టు కొమ్మకు, అందరి కళ్లకూ కనబడే ఎత్తులో తగిలించి పెట్టారు. కాటుక దాన్ని వాసన చూసి, నా మొహం వైపు చూసింది.

కారులో హీటర్ వేసి, దాని నాలుగు పాదాలూ ఒళ్లో పెట్టుకుని తువ్వాలుతో ఒక్కో వేలూ తుడిచాను. చెవుల చివర్లు ఇంకా చల్లగానే ఉన్నాయి. అరచేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. బయట బూరె ఇంకా మంచులోనే పడుకుని ఉంది, కారెక్కనని.