అమ్మ కుట్టు మిషన్ పెడల్‌కి ఇంట్లోనే పౌడర్ కోటింగ్

అమ్మ కుట్టు మిషన్‌ వయసు నలభై ఏళ్ళ పైమాటే. మిషన్ తల ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది కానీ, కింద పోత ఇనుము పెడల్ తుప్పు పట్టి, అమ్మ పాదాలకు గీసుకునేది. బ్రష్‌తో రంగు వేస్తే రోజూ తొక్కే చోట ఆర్నెల్లు కూడా నిలవదు. అందుకే పౌడర్ కోటింగ్ అనుకున్నాను.

ఇందులో థిన్నర్‌తో కలిపే రంగు ఉండదు. పొడి చల్లే గన్‌లోంచి వచ్చే రంగు పొడికి విద్యుదావేశం అందుతుంది, ఎర్త్ చేసిన ఇనుముకు అది వెళ్ళి అతుక్కుంటుంది. తర్వాత ఓవెన్‌లో కరిగి, గట్టి పొరగా మారుతుంది. చిన్న గన్ ఒకటి కొన్నాను, పాత ఓవెన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఒకసారి దీనికి వాడిన ఓవెన్‌లో మళ్ళీ వంట చేయకూడదు. పని మొత్తం డాబా మీదే, మాస్కు పెట్టుకుని చేశాను. గాల్లో తేలే పొడికి నిప్పు అంటుకోగలదు కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు.

పాత రంగు తీయడానికే రెండు రోజులు పట్టింది. అంత పాత రంగులో సీసం ఉండొచ్చని దుమ్ము లేవకుండా పెయింట్ రిమూవర్ పూసి, తడిపి గీకాను. పెడల్‌లో ఉన్న పూల అల్లిక సందుల్లో టూత్ బ్రష్ తప్ప ఏదీ దూరలేదు. చివరికి థిన్నర్ గుడ్డతో తుడిచాక మళ్ళీ చేత్తో ముట్టుకోలేదు.

పొడి కొట్టాను, ఓవెన్‌లో పెట్టాను. తలుపు తీసి చూస్తే గుండె జారిపోయింది. మధ్యలో నల్లగా, నున్నగా అద్దంలా ఉంది. రెండు చివర్ల మాత్రం చిన్న చిన్న బుడగలు, కొన్ని పగిలి సూది బెజ్జాలు. పొడి మంచిది కాదనుకున్నాను, గన్‌కి గాలి ఇచ్చే కంప్రెసర్‌లో నీరు ఉందేమో అనుకున్నాను. అమ్మ వచ్చి, బుడగల మీద వేలు పెట్టి చూసి అంది: "ఒరేయ్, నేను వారం వారం నూనె పోసింది సరిగ్గా ఇక్కడే రా. నూనె తాగేసింది ఇది."

అదే కారణం. పోత ఇనుములో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిలో ఇంకిన నూనె వేడికి బయటికొస్తూ కరిగిన పొరను పొంగించింది. పైపైన ఎంత తుడిచినా లోపలిది రాదు.

కోటింగంతా మళ్ళీ గీకేశాను. ఈసారి పొడి కొట్టకముందే 230 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాను. చివర్లలో గోధుమరంగు చెమటలా నూనె ఊరింది. తుడిచి మళ్ళీ కాల్చాను. గుడ్డకి మరక అంటనంతవరకు, అంటే మూడుసార్లు.

పూల సందుల మూలల్లోకి పొడి తేలిగ్గా వెళ్ళదు, అంచులే దాన్ని లాగేసుకుంటాయి. అందుకే మూలలకు ముందు, గాలి తగ్గించి కొట్టాను. నా పొడి డబ్బా మీద 200 డిగ్రీల్లో 10 నిమిషాలు అని ఉంది. ఆ లెక్క ఓవెన్ గాలికి కాదు, ఇనుముకి. ఆ మందపాటి పెడల్ 200 అందుకోవడానికే అరగంట దాకా పట్టింది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌లో అంకె చూశాకే టైమ్ లెక్కపెట్టాను. చల్లారాక, పొర పూర్తిగా గట్టిపడిందో లేదో చూడ్డానికి అడుగున ఒక మూల థిన్నర్ గుడ్డతో రుద్దాను. గుడ్డకి రంగు అంటలేదు.

పెడల్ రెండు పక్కలా మొనదేలిన బోల్టుల మీద ఊగుతుంది. ఆ గుంటల్లో పొర పడితే బిగుసుకుపోతుందని ముందే వేడికి తట్టుకునే టేపు అంటించాను. టేపు తీయగానే లోపల ఇనుము మెరిసింది. పెడల్ బిగించాక అమ్మ తన నూనె డబ్బా తెచ్చి, ఒక్కో గుంటలో రెండేసి చుక్కలు వేసి, కారిన నూనెను కొంగుతో తుడిచేసింది.