మా పాడిలో మీథేన్ తగ్గించుకున్న తీరు: నా అనుభవం

మా పాడి వల్ల వాతావరణం మీద పడే భారం తగ్గించాలనుకున్నాక మొదట చేసిన పని లెక్క తీయడం. కొత్త యంత్రాల జోలికి పోకుండా ముందు ఇదే చేయమని మా పశువైద్యురాలు పట్టుబట్టారు. ఎన్ని ఆవులు పాలిస్తున్నాయి, ఎన్ని వట్టిపోయాయి, ఎన్ని పెయ్యలు ఇంకా చూడి కట్టలేదు, మేత ఎంత ఖర్చవుతోంది, పేడ ఎటు పోతోంది, గడ్డికి యూరియా ఎంత వేస్తున్నాం, అన్నీ ఒక పుస్తకంలో రాశాం. విసుగొచ్చే పనే. కానీ తర్వాతి నిర్ణయాలన్నీ ఆ పుస్తకంలోంచే వచ్చాయి.

ఈ విషయం ఎత్తగానే అందరి దృష్టీ పేడ మీదకు పోతుంది. నిజానికి ఆవు మీథేన్‌లో ఎక్కువ భాగం త్రేన్పులతో నోటి ద్వారా బయటికొస్తుంది. ఆవు కడుపులోని గదుల్లో మొదటిదైన పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు పీచును పులియబెట్టేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. దాన్ని మరో రకం సూక్ష్మజీవులు మీథేన్‌గా మారుస్తాయి. వందేళ్ల లెక్కన ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అయితే గాలిలో సగటున 12 ఏళ్లే ఉంటుంది కాబట్టి, ఇప్పుడు తగ్గిస్తే ఫలితం మన కళ్ల ముందే కనిపిస్తుంది. నాకు పట్టుదల పెరిగింది ఇది తెలిశాకే. పైగా ఆవు తిన్న మేతలోని శక్తిలో దాదాపు 6 శాతం ఈ రూపంలో పోతుంది. పాలుగా మారాల్సింది గాలిలో కలుస్తోందన్నమాట.

లెక్కలో కొట్టొచ్చినట్టు కనిపించింది పాలివ్వని పశువుల వాటా. ఈనాక ఎదకు రాని ఆవు, వయసొచ్చినా చూడి కట్టని పెయ్య, పొదుగువాపుతో పాలు పడిపోయిన ఆవు, ఇవన్నీ మేత తింటాయి, మీథేన్ వదులుతాయి. పాలు మాత్రం రావు, లేదా చాలినన్ని రావు. అందుకే ఎద గుర్తించడానికి పొద్దున, సాయంత్రం, పడుకోబోయే ముందు కొట్టంలో తిరిగి చూడటం అలవాటు చేసుకున్నాం. ఖనిజ లవణ మిశ్రమం మానకుండా పెట్టాం. పాలు పితికాక చన్నులను మందు నీళ్లలో ముంచడం, చూడి పరీక్ష సకాలంలో చేయించడం ఖచ్చితంగా పాటించాం. పర్యావరణం మాట వచ్చినప్పుడు పొదుగువాపు ఊసు ఎవరూ ఎత్తరు గానీ, మాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇక్కడే వచ్చింది. ఈతకూ ఈతకూ మధ్య ఎడం తగ్గింది, లీటరు పాలకు పడే మీథేన్ కూడా తగ్గింది.

అక్కడే అసలు టెన్షన్ మొదలైంది. మేత మిగులుతోంది కదా, ఇంకొన్ని ఆవుల్ని కొందామని ఇంట్లో పట్టు. లీటరుకు తగ్గినా మంద పెరిగితే మొత్తం మీథేన్ పెరుగుతుంది. చాలా వాదన జరిగాక, అవే పాలు తక్కువ ఆవులతో తీద్దామని ఒప్పించగలిగాను.

మేతలో పెద్ద మార్పు గడ్డిని ముదరనివ్వకపోవడం. ముదిరిన గడ్డి అరగడం కష్టం, తిన్నదానికి మీథేన్ కూడా ఎక్కువ. పూత దశ దాటకుండానే కోసి, మిగిలింది పాతర వేస్తున్నాం. గడ్డిలో పప్పుజాతి మేత కలిపి విత్తాం. దాని వేర్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి కాబట్టి యూరియా బాగా తగ్గింది. యూరియా ఎక్కువైతే నేలలోంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా తీవ్రమైనది. దాణాలో మాంసకృత్తులు ఎక్కువైనా అదే నష్టం, మూత్రంలో నత్రజనిగా పోతాయి. పాలలో యూరియా పరీక్ష చేయిస్తే అది తెలిసిపోతుంది. ఆ ఫలితం చూసి దాణా సరిచేశాం.

బీడును కంచెతో భాగాలుగా విడదీసి, ఒక భాగం మేశాక అది కోలుకునేదాకా ఆవుల్ని తిప్పి పంపం. మొదళ్లు మిగిలుండగానే వాటిని పక్క భాగానికి మారుస్తాం. నేల గట్టిపడటం తగ్గింది, వాన నీరు ఇంకుతోంది. అలాగని నేలలో చేరే కర్బనం ఆవుల మీథేన్‌ను పూర్తిగా సరిదిద్దేస్తుందని నేను చెప్పను. కొన్నాళ్లకు నేల పట్టుకునే శక్తికి హద్దు వస్తుంది. వాగు గట్టుకూ కంచె వేసి, తొట్లలో నీళ్లు పెట్టాం. ఆవులు వాగులో దిగకపోవడంతో పేడలోని భాస్వరం నీటిలో కలిసి నాచు పెంచే పరిస్థితి తగ్గింది.

పేడకు గోబర్ గ్యాస్ ప్లాంట్ కట్టాం. గ్యాస్ మంటకు పనికొస్తుంది కానీ, ఎక్కడైనా లీకైతే మీథేన్ నేరుగా గాలిలోకి పోతుంది. అతుకులను సబ్బు నీళ్లతో తరచూ చూసుకుంటాను. గ్యాస్ పోగా బయటికొచ్చిన పలచని పేడను, అంటే స్లర్రీని, మూత ఉన్న గుంతలో ఉంచుతాం. పెద్ద వాన ముందు, తడి నేల మీద పోయం. పోశాక వెంటనే మట్టిలో కలిపేస్తాం, లేకపోతే అమ్మోనియా ఎగిరిపోతుంది.

పొట్టలో మీథేన్ తయారీని అడ్డుకునే 3-ఎన్‌ఓపీ అనే మేత మందును యూరోపియన్ యూనియన్ 2022లో అనుమతించింది. పాడి ఆవుల్లో సుమారు 30 శాతం తగ్గుదల కనిపించింది. కానీ అది ప్రతి మేతలోనూ కలిసి అందాలి. రోజులో ఎక్కువసేపు బయట మేసే మా ఆవులకు అది కుదరదు. పొట్టలో నెమ్మదిగా కరిగే రూపంలో వస్తే తప్పకుండా వాడతాను. ప్రస్తుతం పెయ్యలు తొలి ఈతకు వచ్చే వయసు తగ్గించే పని మీద ఉన్నాం. పుట్టిన దూడ నుంచే బరువులు రాయడం మొదలుపెట్టాం.