పనికి గేటు తీశారు, ఆదివారానికి తీయలేదు

సింగపూర్‌లో 2020 ఏప్రిల్ 20న ఒక్క రోజే 1,426 కరోనా కేసులు వచ్చాయి. అందులో సింగపూర్ పౌరులు, పర్మనెంట్ రెసిడెంట్లు కలిపి 16 మంది. మిగతావాళ్లు దాదాపు అందరూ డార్మిటరీల్లో, అంటే కూలీల హాస్టళ్లలో, ఉండే బయటి దేశాల వర్క్ పర్మిట్ కూలీలు. అంటే మేమే. రోజూ ఆరోగ్య శాఖ రెండు లెక్కలు విడివిడిగా చెప్పేది. కమ్యూనిటీలో ఇన్ని, డార్మిటరీల్లో ఇన్ని. ఊరు ఎప్పుడు తెరవాలో మొదటి లెక్క చూసి తేల్చుకునేవాళ్లు. రెండో లెక్క ఎంత పెరిగినా ఊళ్లో వాళ్లకు పెద్ద టెన్షన్ లేదు. మా గేట్లు అప్పటికే మూసేశారు కదా.

ప్రాణాలు కాపాడుకోవాలా, పనులు నడుపుకోవాలా అని అప్పట్లో అన్ని దేశాలూ కిందామీదా పడ్డాయి. సింగపూర్ ఆ లెక్క ఎలా తేల్చుకుందో నేను గేటు లోపలి నుంచి చూశాను. మెచ్చుకోవాల్సింది చాలానే ఉంది. ఇప్పటికీ మింగుడుపడనిదీ ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లనీ జీడి చెట్లనీ నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పిచ్చినవాడు అన్నేళ్లు ఆగడు. మా వైపు కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా బయటి దేశాలు వెళ్లడం కొత్తేమీ కాదు. నేనూ ట్రైనింగ్ సెంటర్లో స్కిల్ టెస్ట్ పాసై, ఏజెంటుకి కట్టాల్సింది కట్టి, సింగపూర్‌కి స్కఫోల్డింగ్ పనికి, అంటే కట్టడాల చుట్టూ పైపులతో పరంజా కట్టే పనికి, వచ్చాను.

ఇక్కడ మా జీతం రెండు ముక్కలు. ఒకటి బేసిక్, రెండోది ఓటీ, అంటే డ్యూటీ గంటలు దాటి చేసే పనికి ఇచ్చేది. బేసిక్‌తో తిండి, ఫోను గడిచి ఇంటికి కొంచెం పంపగలం. అప్పు తీరేది మాత్రం ఓటీతోనే. ఆదివారం కంపెనీ పిలిచి పని చేయించుకుంటే డబుల్. ఈ సంగతి ముందు చెప్పకపోతే తర్వాత మేం ఎందుకంత గింజుకున్నామో బయటివాళ్లకి అర్థం కాదు. జీతం ఇచ్చారు, తిండి పెట్టారు, ఇంకేం కావాలి అంటారు.

ఏప్రిల్ 3న ప్రధాని లీ సియెన్ లూంగ్ టీవీలో మాట్లాడి, ఏప్రిల్ 7 నుంచి సర్క్యూట్ బ్రేకర్ అన్నారు. లాక్‌డౌన్‌కి అక్కడి పేరు. మొదట మే 4 వరకే అనుకున్నది జూన్ 1 దాకా సాగింది. అది మొదలవక ముందే, ఏప్రిల్ 5న, పుంగోల్‌లోని ఎస్11 డార్మిటరీనీ టోగ్వాన్‌లోని వెస్ట్‌లైట్‌నీ ఐసొలేషన్ ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రెండింట్లోనే దాదాపు 20,000 మంది. ఆ తర్వాత ఒక్కొక్కటీ మూస్తూ వచ్చారు. అన్ని డార్మిటరీల్లో కలిపి మేం 3,23,000 మందిమి.

మా రూములో పన్నెండు మందిమి, ఆరు డబుల్ బంకులు. మనిషికీ మనిషికీ మీటరు దూరం ఉండాలని తలుపు మీద పోస్టరు అంటించారు. పై బంకులో నేను చెయ్యి చాపితే పక్క బంకు భాయ్ దుప్పటి తగిలేది. అతనిది బంగ్లాదేశ్. మునుపు ఒకడు పగటి షిఫ్టు, ఇంకొకడు రాత్రి షిఫ్టు కాబట్టి రూము ఎప్పుడూ సగం ఖాళీగా ఉండేది. అందరం ఒకేసారి ఇరవై నాలుగు గంటలూ లోపల ఉంటే ఎలా ఉంటుందో ఆ రూము కట్టినవాళ్లు కూడా ఆలోచించి ఉండరు. స్నానానికి వేళలు, బట్టలు ఆరేయడానికి వేళలు. వంటగది మూసేశారు. తిండి బాక్సుల్లో వచ్చేది. మొదట్లో అన్నం ఉడికీ ఉడకనట్టు, పప్పు చారులా ఉండేది. మన చేతి వంటకి అలవాటు పడ్డ నోరు కదా, సగం మంది ఊరగాయతో సరిపెట్టుకున్నారు. ఆ ఊరగాయ కూడా అయిపోయాక అసలు బాధ తెలిసింది. రాను రాను తిండి బాగుపడింది. రంజాన్ నెలలో తెల్లవారుజామునే సహరీ బాక్సులు వేరేగా తెచ్చిచ్చేవాళ్లు. ఆ మాట చెప్పుకోవాలి.

రోజూ జ్వరం చూసుకుని ఫోనులో యాప్‌లో ఎక్కించాలి. పాజిటివ్ వచ్చిన వాడికి ఫోనొచ్చేది, సంచి సర్దుకోమని. మా రూములో మొదట వెళ్లింది తంజావూరు అన్న. అతన్ని ఎక్స్‌పోకి తీసుకెళ్లారు. ఎగ్జిబిషన్లు పెట్టే పెద్ద పెద్ద హాళ్లని మంచాలతో నింపేశారు. ఇక్కడ మేం అతనికి ఏమవుతుందోనని భయపడుతుంటే రాత్రి వీడియో కాల్ చేశాడు. "ఇక్కడ ఏసీ ఉంది తమ్ముడూ, పక్కన ఎవడి గురకా లేదు. పాపం మీరే" అన్నాడు. రూమంతా ఒకటే నవ్వులు.

ఇంటి నుంచి అమ్మ ఫోను చేస్తే మొదటి మాట "ఏటిరా, తిన్నావా?" రెండో మాట ఊరి సంగతి. ఆ రోజుల్లో మా జిల్లా మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయారు. ఏప్రిల్ ఆఖరుకి బస్సులు పెట్టి తీసుకొచ్చారు. హైవేల మీద పిల్లల్ని ఎత్తుకుని నడుస్తున్న కూలీల వీడియోలు మా ఫోన్లలో తిరుగుతూనే ఉండేవి. వాళ్లని చూశాక మా బాక్సు అన్నాన్ని తిట్టడానికి నోరు రాలేదు. పనులు ఆపేసి మనుషుల్ని రోడ్డు మీద వదిలేయడం అక్కడ చూశాం. ఇక్కడ మందులకీ ఆసుపత్రికీ మా దగ్గర పైసా తీసుకోలేదు. ప్రభుత్వం ఆ ఏడాది నాలుగు బడ్జెట్లు పెట్టి దాదాపు 9,300 కోట్ల సింగపూర్ డాలర్లు కేటాయించింది. మా ఒక్కొక్కరి మీద కంపెనీలు ప్రభుత్వానికి నెలనెలా కట్టే పన్ను, లెవీ అంటారు, దాన్ని ఆపి, ఎదురు మనిషికి 750 డాలర్లు రిబేటు ఇచ్చింది. మా బేసిక్ అందులోంచే వచ్చిందని అందరికీ తెలుసు.

ఓటీ మాత్రం లేదు. వడ్డీకి సర్క్యూట్ బ్రేకర్ ఉండదు కదా. ఏజెంటు అప్పు ఉద్దానంలో తన మానాన తాను పెరుగుతూనే ఉంది.

జూన్ 2న ఊరు కొంచెం తెరిచారు. జూన్ 19 నుంచి షాపులు, హోటళ్లు, అయిదుగురి దాకా గుంపులు. జూలై 10న ఏకంగా ఎన్నికలే పెట్టారు, జనం మాస్కులు వేసుకుని లైన్లో నిలబడి ఓట్లేశారు. మేం కిటికీ దగ్గర కూర్చుని ఫోన్లలో చూశాం. ఇన్ని నెలలు మూసి ఉంచినందుకు ఏప్రిల్ నుంచి జూన్ వరకు సింగపూర్ ఆర్థిక వ్యవస్థ అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 13 శాతానికి పైగా కుంగింది. నిర్మాణ రంగమైతే సగానికి పైగా పడిపోయింది. సహజమే, కట్టేవాళ్లంతా గేటు లోపల ఉన్నారు. హెచ్‌డీబీ ఫ్లాటు, అంటే ప్రభుత్వం కట్టించే ఇల్లు, వస్తే పెళ్లి చేసుకుందామని ఎదురుచూసే జంటలు అక్కడ బోలెడు. ఆ ఫ్లాట్లు నెలల తరబడి వెనక్కి పోయాయి. అప్పుడు పేపర్లలో మా గురించి రావడం ఎక్కువైంది.

ఆగస్టుకి డార్మిటరీల్లో పరీక్షలన్నీ ఒక కొలిక్కి తెచ్చారు. మేం మళ్లీ సైటుకి వెళ్లడానికి పెట్టిన ఏర్పాటు మాత్రం చెప్పుకోదగ్గదే. ముందు మా రూములు కలగాపులగం చేసి మళ్లీ సర్దారు. ఒకే సైటులో పని చేసేవాళ్లంతా ఒకే ఫ్లోరులో ఉండాలి. బంకులు తగ్గించారు. యాప్‌లో పొద్దున్నే రంగు చూసుకోవాలి. పచ్చ అయితే లారీ ఎక్కాలి, ఎరుపు అయితే రూములోనే. రెండు వారాలకోసారి ముక్కులో పుల్ల. ఆ పరీక్ష తప్పితే ఎరుపు. ఫ్లోరులో ఒకడికి పాజిటివ్ వస్తే అందరికీ ఎరుపు. స్కఫోల్డ్ కట్టడం అయ్యాక సూపర్‌వైజర్ చూసి గ్రీన్ ట్యాగ్ తగిలిస్తేనే ఎవరైనా దాని మీదికి ఎక్కాలి. ఇన్నాళ్లూ ఆ ట్యాగ్ మేం కట్టినదానికి. ఇప్పుడు మాకూ తగిలించారు.

సైటులో జోన్లు గీశారు. స్కఫోల్డింగ్ వాళ్లం ఒక జోన్, కాంక్రీటు పోయడానికి అచ్చులు బిగించే ఫార్మ్‌వర్క్ కార్పెంటర్లు ఒక జోన్, కడ్డీ కట్టేవాళ్లు ఇంకో జోన్. మేం కట్టి, దిగి, చేతులు కడుక్కుని పక్కకి తప్పుకున్నాకే కార్పెంటర్లు ఎక్కాలి. ఇదివరకు పైనుంచి ఒకడు "అన్నా, ఒక పైపు" అని అరిస్తే కింద ఎవడు దగ్గరుంటే వాడే అందించేవాడు. ఇప్పుడు వేరే జోన్ వాడికి పైపు అందించడం తప్పు. టీ బ్రేకులు కూడా తలా ఒక వేళకి. రెండు రోజుల పని నాలుగు రోజులు పట్టేది, అయినా పని నడిచింది. పని మొదలయ్యే ముందు పెట్టే టూల్‌బాక్స్ మీటింగులో సేఫ్టీ ఆఫీసర్ రోజూ ఒకటే చెప్పేవాడు. హెల్మెట్ ఒకరోజు మర్చిపోతే ఒకడికి దెబ్బ, మాస్కు మర్చిపోతే సైటు మొత్తం బంద్ అని. బెదిరింపేం కాదు, నిజమే. ఒక్క పాజిటివ్‌తో మొత్తం జోన్ ఇంటికి పోయిన రోజులు చూశాం.

రోగాన్ని పట్టుకుంటూనే పని నడపడం ఇలాగే. మనుషుల్ని కలవకుండా చిన్న చిన్న గుంపులుగా ఉంచి, పదే పదే పరీక్ష చేసి, ఎక్కడ అంటుకుంటే అక్కడ ఆపి మిగతాది నడిపించాలి. దానికి ఖర్చవుతుంది, ఓపిక కావాలి. సింగపూర్‌కి రెండూ ఉన్నాయి. 2020 ఆఖరుకి దేశం మొత్తం మీద చనిపోయింది 29 మంది. మా తాలూకు వాళ్లలో చాలా మంది కుర్రాళ్లం కాబట్టి గట్టెక్కాం అన్నదీ నిజం.

డిసెంబరు 14న రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. ఊరు తెరవడంలో మూడో దశ డిసెంబరు 28 నుంచి అని ప్రధాని చెప్పారు. ఇకపై ఎనిమిది మంది కలిసి కూర్చోవచ్చు. అదే రోజు మా లెక్క కూడా బయట పెట్టారు. పీసీఆర్ పరీక్షలో తేలినవాళ్లు, రక్త పరీక్షలో ఇదివరకే వచ్చి పోయిందని తేలినవాళ్లు కలిపి డార్మిటరీల్లో 47 శాతం. ఇద్దరిలో ఒకడన్నమాట. వచ్చింది, పోయింది, చాలా మందికి తెలియను కూడా తెలియలేదు. అయినా ఆ ఎనిమిది మందిలో మేం లేం.

నాకు మింగుడుపడనిది ఇదే. వైరస్ భయంతో గేటు మూయడం అర్థమవుతుంది. వారానికి ఆరు రోజులు లారీలో సైటుకి వెళ్లి, వందల మంది మధ్య పని చేసి రావడానికి భయం లేదు. ఏడో రోజు సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికి వెళ్లి, టెక్కా మార్కెట్ దగ్గర చాయ్ తాగి, నాలుగు కూరగాయలు కొనుక్కుని రావడానికి మాత్రం భయం. అక్టోబరు ఆఖరు నుంచి కూలీల కోసం కట్టిన రిక్రియేషన్ సెంటర్లకి వెళ్లనిచ్చారు, అదీ పాస్ తీసుకుని. ఊళ్లోకి కాదు. పని మమ్మల్ని బయటికి తీసుకెళ్తుంది, పని లేనప్పుడు మేం లోపలే ఉండాలి. దానికి ఆరోగ్యం అని పేరు పెట్టారు. ఓటీ మళ్లీ మొదలైంది, అప్పు తగ్గుతోంది, నోరు మూసుకుని పని చేసుకోరా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. అందరం అంతే.

2021 ఏప్రిల్‌లో ఇండియాలో రెండో అల విరుచుకుపడింది. ఇండియా నుంచి వచ్చేవాళ్లకి సింగపూర్ తలుపులు మూసేసింది. ఊరెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. మా రూములో ఒకతను తండ్రి పోతే ఫోనులోనే చూసుకున్నాడు. వెళ్తే తిరిగి రాలేడు, వెళ్లకపోతే కొడుకు కాడు. కొత్త కూలీలు రాకపోవడంతో ఉన్నవాళ్ల కోసం కంపెనీలు ఒకదాని మీద ఒకటి పోటీ పడ్డాయి. ముందు పలకరించని బాసులు కూడా "ఎలా ఉన్నావు, టీకా వేసుకున్నావా" అని అడగడం మొదలుపెట్టారు. టీకాలు మాకు వేగంగానే వేశారు. ఆ సెప్టెంబరులో వారానికి 500 మందిని ఆ పెరుమాళ్ గుడి, టెక్కా మార్కెట్ ఉన్న లిటిల్ ఇండియాకీ, గేలాంగ్ సెరాయ్ అనే ఇంకో పేటకీ పంపడం ప్రయోగంగా మొదలుపెట్టారు. మూడు లక్షల చిల్లర మందిలో వారానికి 500. మా వంతు ఎప్పుడొస్తుందో అని తంజావూరు అన్న లెక్కేసి చెప్పాడు. పన్నెండేళ్లు పడుతుందట. అంతకు ముందే రిటైరైపోతా అన్నాడు.

అంత పట్టలేదు లెండి, సంఖ్య పెంచుతూ పోయారు. 2022 జూన్ 24 నుంచి బయటికి వెళ్లడానికి పాస్ తీసేశారు. ఆదివారాలూ సెలవు రోజుల్లో మాత్రం నాలుగు చోట్లకి ఇంకా పాస్ కావాలన్నారు. చైనాటౌన్, గేలాంగ్ సెరాయ్, జురాంగ్ ఈస్ట్, లిటిల్ ఇండియా. యాప్‌లో ఆ పేర్లు చదివి అన్న నా వైపు చూశాడు. "మనం ఎక్కడికి పోతామో వీళ్లకి బాగానే తెలుసు తమ్ముడూ" అని, తనకీ నాకూ కలిపి ఆదివారానికి లిటిల్ ఇండియా పాస్‌లు బుక్ చేశాడు.