హాల్లో రికార్డు చేసింది పడగ్గదిలో చూడాలంటే

హాల్లోని బాక్సులో రికార్డయిన సినిమాను పడగ్గదిలోని టీవీలో చూడాలనుకోవడం నిజానికి చాలా చిన్న కోరిక. సినిమా ఇంట్లోనే ఉంది, టీవీలు రెండూ ఇంట్లోనే ఉన్నాయి, అడ్డుగా ఉన్నది ఒక్క గోడ. అయినా ఎవరిని సలహా అడిగినా రెండో గదికి కూడా రికార్డు చేసే బాక్సు పెట్టించుకొమ్మనే చెబుతారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు ఇంటికి ఒకటే ఉంటుంది, కొళాయిలు మాత్రం గదికొకటి ఉంటాయి. రికార్డింగు కూడా అలాగే ఉండాలని నా అభిప్రాయం. ప్రసారంలోంచి ఛానెల్‌ను పట్టుకునే ట్యూనర్లు, దాన్ని దాచే హార్డ్ డిస్కు ఒకేచోట ఉండాలి, మిగిలిన గదుల్లో బొమ్మను చూపించే చిన్న సాధనాలు ఉంటే చాలు.

విచిత్రమేమిటంటే, ఈ ఇబ్బంది క్యాసెట్ల కాలంలో లేదు. 1975లో సోనీ బీటామాక్స్, 1976లో జేవీసీ వీహెచ్ఎస్ వచ్చిన తరవాత, ఒక గదిలో రికార్డు చేసిన క్యాసెట్టును చేత్తో పట్టుకొని పక్క గదిలోని ప్లేయరులో పెట్టుకుంటే సరిపోయేది. అలా తీరిక వేళ చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు కూడా చెప్పింది. 1999లో టివో, రీప్లేటీవీ వంటి హార్డ్ డిస్కు రికార్డర్లు వచ్చాక నాణ్యత, సౌకర్యం పెరిగాయి గాని, రికార్డయినది ఆ పెట్టెలోనే ఉండిపోయింది. 2001లో వచ్చిన రీప్లేటీవీ 4000 శ్రేణి, ఇంట్లోని రెండు పెట్టెలను నెట్‌వర్కుతో కలిపి ఒకదానిలోని కార్యక్రమాన్ని మరొకదానిలో చూసే వీలు కల్పించింది. అయితే అదే పెట్టె ప్రకటనలను దానంతటదే దాటవేసేది, కార్యక్రమాలను ఇంటర్నెట్ ద్వారా ఇతరులకు పంపనిచ్చేది కూడా. దాంతో సినిమా స్టూడియోలు, టీవీ సంస్థలు దావా వేశాయి. దాన్ని తయారు చేసిన సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీసింది. గదుల మధ్య పంచుకోవడమనే నిరపాయకరమైన సౌకర్యం, వివాదాస్పదమైన మిగతా రెండింటితో పాటు అనుమానపు జాబితాలోకి చేరిపోయిందని నాకు అనిపిస్తుంది.

ఇక లెక్కల్లోకి వస్తే, మొదట తేల్చుకోవలసింది ట్యూనర్ల సంఖ్య. ఇప్పటికే రికార్డయినదాన్ని చూడటానికి ట్యూనర్ అక్కర్లేదు, అది డిస్కు నుంచి వస్తుంది. ప్రత్యక్ష ప్రసారానికీ, కొత్త రికార్డింగుకీ మాత్రమే అది కావాలి. పైగా డిజిటల్ ప్రసారంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద అనేక ఛానెళ్లు కలిసి వస్తాయి కాబట్టి, టీవీహెడెండ్ వంటి సాఫ్ట్‌వేర్ ఒకే ట్యూనర్‌తో ఆ ఫ్రీక్వెన్సీలోని రెండు మూడు ఛానెళ్లను ఒకేసారి రికార్డు చేయగలదు. గదికో రికార్డర్ పెట్టినప్పుడు ఒక గదిలో ట్యూనర్లు ఖాళీగా పడి ఉంటే మరో గదిలో చాలక రికార్డింగు తప్పిపోతుంది. అన్నీ ఒకేచోట ఉంటే ఆ ఖాళీ అందరికీ పనికొస్తుంది.

డిస్కు గురించి పెద్దగా బెంగ పడనక్కర్లేదు. అమెరికా తరహా భూతల డిజిటల్ ప్రసారంలో ఒక ఫ్రీక్వెన్సీ మొత్తం మోయగలిగేది సెకనుకు 19.39 మెగాబిట్లు, ఆ వేగంతో గంటసేపు రికార్డు చేస్తే దాదాపు 8.7 గిగాబైట్లు అవుతుంది. నాలుగు రికార్డింగులు నడుస్తూ మూడు గదుల్లో వేరువేరు కార్యక్రమాలు చూస్తున్నా మొత్తం సెకనుకు 17 మెగాబైట్లే, అది మామూలు హార్డ్ డిస్కు మోయలేని బరువు కాదు. నెట్‌వర్కులోనూ మూడు గదులకు కలిపి 58 మెగాబిట్లు చాలు కాబట్టి, పాత 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ కూడా సరిపోతుంది.

అసలు తంటా వైఫైతోనే. వేగపరీక్షలో వంద మెగాబిట్లు కనిపించిన వైఫై మీద ఇరవై మెగాబిట్ల బొమ్మ ఆగి ఆగి రావడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. వేగపరీక్ష చెప్పేది సగటు. టీవీకి కావలసింది ఏ క్షణంలోనూ తెగని ప్రవాహం. పక్కింటి రూటర్లన్నీ పోటీపడే 2.4 గిగాహెర్ట్జ్ మీద ఆ ప్రవాహం నిలవదు. 5 గిగాహెర్ట్జ్ నయమే గాని రెండు గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. కదలకుండా ఒకేచోట ఉండే టీవీకి తీగ వేయడమే సరైన పని, వైఫైని ఫోన్లకు వదిలేయాలి. కొత్తగా తీగ లాగడం కుదరని ఇంట్లో కేబుల్ టీవీ కోసం ఎప్పుడో వేసిన కోయాక్సియల్ తీగ ఉంటే, మోకా అనే అడాప్టర్లను రెండు కొసలా తగిలించి దాన్నే నెట్‌వర్కు తీగగా వాడుకోవచ్చు. అయితే ఇంట్లోకి తీగ వచ్చే చోట ఒక ఫిల్టర్ పెట్టాలి, లేకపోతే ఆ సంకేతాలు బయటి తీగలోకి పోతాయి. శాటిలైట్ డిష్ నుంచి దిగే తీగ మీద మాత్రం దీన్ని ప్రయత్నించకూడదు. డిష్ సంకేతాలు 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు ఉంటాయి, మోకా వాడుకునేదీ చాలావరకు ఆ మధ్యలోనే.

రికార్డయిన ఫైలు ఏ రూపంలో ఉందన్నది మరో విషయం. ప్రసారంలో వచ్చినది వచ్చినట్టే డిస్కు మీదకు చేరుతుంది కాబట్టి, అది వీడియోను కుదించే పద్ధతుల్లో పాతదైన ఎంపెగ్-2 కావచ్చు, హెచ్.264 కావచ్చు. ఫోన్లలో, బ్రౌజర్లలో ఎంపెగ్-2 సాధారణంగా ఆడదు, అప్పుడు సర్వర్, అంటే ట్యూనర్లు, డిస్కు ఉన్న ఆ ఒక్క కంప్యూటరు, దాన్ని అప్పటికప్పుడు మరో రూపంలోకి మార్చి పంపవలసి వస్తుంది. ప్లెక్స్, జెల్లీఫిన్ వంటి సర్వర్ సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి గాని, మూడు గదులు ఒకేసారి అడిగితే చిన్న కంప్యూటరు ఉక్కిరిబిక్కిరి అవుతుంది, బొమ్మ నాణ్యత కూడా ఒక మెట్టు దిగుతుంది. అందుచేత సర్వర్‌కు శక్తి పెంచే కంటే, ఫైలును ఉన్నదున్నట్టుగా ఆడించగల సాధనాన్ని, ఉదాహరణకు కోడి (Kodi) అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పెట్టెను, టీవీ దగ్గర పెట్టడమే మేలు.

పైన చెప్పినదంతా తాళం లేని, అంటే గుప్తపరచని ప్రసారాలకు వర్తిస్తుంది. చందా కట్టే ప్రసారాల్లో ప్రతి కార్యక్రమంతో పాటు కాపీకి సంబంధించిన ఆదేశం ఒకటి వస్తుంది: ఇష్టమొచ్చినన్ని కాపీలు చేసుకోవచ్చు, ఒక్క కాపీయే చేసుకోవచ్చు, ఇకపై కాపీ కుదరదు, అసలు కాపీయే కుదరదు అని నాలుగు రకాలు. బాక్సు తనలో దాచిన రహస్య తాళంచెవితో డిస్కును గుప్తపరుస్తుంది, అందుకే ఆ డిస్కును ఊడదీసి కంప్యూటరుకు తగిలించినా ఏమీ కనిపించదు. ఇలాంటి కార్యక్రమాలను గదుల మధ్య పంపడానికి డీటీసీపీ-ఐపీ అనే పద్ధతి ఉంది. అది "ఇల్లు" అంటే ఏమిటో తేల్చే తీరు నాకు చాలా నచ్చింది: సందేశం వెళ్లి జవాబు వచ్చేందుకు 7 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ పడితే అవతలి టీవీ ఇంట్లో లేనట్టే లెక్క. తడబడే వైఫై మీద ఈ పరీక్ష తప్పి, పక్క గదిలోని టీవీయే పరాయి ఇంటిదైపోయే అవకాశం ఉంది! ఈ తాళాలతో కుస్తీ పట్టడం కంటే, చందా ప్రసారాలే ప్రధానమైన ఇంట్లో ఆ సంస్థ ఇచ్చే బహుళ గదుల ఏర్పాటును తీసుకోవడమే తెలివైన పని. 2012లో అమెరికాలో డిష్ సంస్థ తెచ్చిన హాపర్, జోయీ జంట దీనికి మంచి నమూనా. హాపర్‌లో ట్యూనర్లు, డిస్కు ఉంటాయి, గదుల్లో పెట్టే జోయీలో డిస్కు ఉండదు.

అన్నీ కుదిరాక, ఇంట్లోవాళ్ల మధ్య వచ్చే పేచీలు కొన్ని మిగులుతాయి. సర్వర్ ఒక్కొక్కరి ఖాతాకు ఒక్కో ఆపిన చోటును గుర్తుపెట్టుకుంటుంది. అందరూ ఒకే ఖాతా వాడితే, ఒకరు సగంలో ఆపిన ధారావాహికను మరొకరు చివరిదాకా చూసేసరికి మొదటివారి చోటు చెరిగిపోతుంది. కనుక చూసే ప్రతి ఒక్కరికీ ఖాతా ఉండాలి, తొలగించే అధికారం మాత్రం ఒక్కరికే ఉండాలి. రోజూ వచ్చే వార్తల వంటివాటికి చివరి రెండు మూడు భాగాలే ఉంచి పాతవి వాటంతటవే పోయేలా ముందే చెప్పి ఉంచితే ఆ ఒక్కరి పనీ తగ్గుతుంది. లినక్సు మీద నడిచే సర్వర్‌లో, ఒక గదిలో చూస్తున్న కార్యక్రమాన్ని మరో గది నుంచి తొలగించినా, ఆ ఫైలు తెరిచి ఉన్నంతసేపు బొమ్మ ఆగదు. పేరు మాత్రం జాబితాలోంచి వెంటనే పోతుంది, డిస్కులో చోటు ఫైలు మూసుకున్న తరవాతే ఖాళీ అవుతుంది.