విరగడానికే చేసిన గోల్ఫ్ టీ: నా అనుభవం

గోల్ఫ్ బంతిని నిలబెట్టడానికి నేలలో గుచ్చే చిన్న పుల్లని టీ అంటారు. నేను చేసిన టీకి, దాని ఆకారం మీద హక్కు ఇచ్చే డిజైన్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఈ వారమే చేతికొచ్చింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నేనూ ఉన్నాను. కానీ మధ్యలో భువనేశ్వర్‌లో ఒక గదిలో జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. ఒడిశా వైపు ఉండే మన తెలుగువాళ్లు ఎవరైనా ఏదైనా కొత్త వస్తువు చేసి ఆఫీసుల చుట్టూ తిరగాలనుకుంటే పనికొస్తుందని, ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. మంచం కోళ్లు, మెట్ల రెయిలింగు కర్రలు తిప్పుతాం. మా ఊళ్లో గోల్ఫ్ ఆడేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఆ ఆటతో నాకు సంబంధం మా బావమరిది వల్ల వచ్చింది. అతను విశాఖలో ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి పని చూస్తాడు. పండక్కి వచ్చినప్పుడు ఒక సంచి నిండా విరిగిన పుల్లలు తెచ్చి నా ముందు పోశాడు. "బావా, వీటిని ఏరలేక నడుం పడిపోతంది. నువ్వు లేత్ పనోడివి కదా, ఏదోటి చెయ్యి" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మొదటి దెబ్బ కొట్టేటప్పుడు బంతిని నేలకి కాస్త ఎత్తులో నిలబెట్టడానికి గుచ్చే చిన్న పుల్లే టీ. పైన బంతి కూర్చోవడానికి గుంట, కింద మొన. బంతి బరువు 45.93 గ్రాములకి మించకూడదు కాబట్టి టీ మోయాల్సిన బరువు పెద్దదేమీ కాదు. అసలు కష్టం దెబ్బ పడ్డాక మొదలవుతుంది. కర్రది ముక్కలైపోతుంది. ప్లాస్టిక్‌ది ఎగిరి గడ్డిలో పడి అక్కడే ఉండిపోతుంది. తర్వాత గడ్డి కోసే మిషన్ వస్తుంది. ఆ మిషన్‌లో తిరిగే బ్లేడ్లు కింద ఉన్న కత్తికి దాదాపు ఆనుకుని తిరుగుతూ గడ్డిని కోస్తాయి. మధ్యలో గట్టి ముక్క పడితే బ్లేడు అంచు దెబ్బతింటుంది. దాంతో కోసినచోటల్లా ఒక గీత మిగిలిపోతుంది. అప్పుడు బ్లేడు విప్పి సానపెట్టాలి. ఈ బాధ ఆడేవాళ్లకి కనిపించదు, గడ్డి చూసేవాళ్లకే తెలుస్తుంది.

నేను పట్టుకున్న విషయం ఒక్కటే. టీ విరుగుతుంది, విరగాలి కూడా. విరిగిన ముక్క ఏమవుతుందన్నదే చూడాలి. నా డిజైనంతా దాని మీదే నిలబడి ఉంది.

సరుకు వెతుక్కోవాల్సిన పని పడలేదు. పర్లాకిమిడి కొమ్ముపని గురించి వినే ఉంటారు. పశువుల కొమ్ముతో దువ్వెనలు, పక్షులు, రొయ్యలు చేస్తారు. మా వీధి చివర ఆ పని చేసే ఒక పెద్దాయన ఉన్నారు, మౌసా అని పిలుస్తాను. ఆయన ఆకురాయి పట్టిన చోట రోజూ కొమ్ముపొడి రాలుతుంది. కొమ్ములో ఉండేది కెరటిన్, అంటే మన గోళ్లలో, జుట్టులో ఉండేదే. నత్రజని బాగా ఉంటుంది, నేలలో నెమ్మదిగా కరిగి మొక్కకి అందుతుంది. కొమ్ముపొడిని ఎరువుగా అమ్ముతారు కూడా. ఆ పొడిలో వెదురు పొడి కలిపి, చింతపిక్కల జిగురుతో ముద్ద చేసి, డైలో, అంటే అచ్చులో నొక్కి, నీడన ఆరబెట్టి, పైన పల్చగా లక్క పూత వేశాను. చింతపిక్కల జిగురు ఒడిశాలో పటచిత్రాలు వేసేవాళ్లు తరతరాలుగా వాడుతున్నదే.

డై నేనే తిప్పుకున్నాను. ఇంత నున్నటి డై ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చెయ్యలేరని ధైర్యంగా చెబుతాను. కావాలంటే వచ్చి చూసుకోవచ్చు. పొడవు 70 మిల్లీమీటర్లు. రూల్సు ప్రకారం 4 అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు దాటకూడదు. బంతి ఏ దిక్కుకి కొట్టాలో టీ చూపించకూడదు, బంతి కదలికని అనవసరంగా మార్చకూడదు. అందుకే అన్ని వైపులా ఒకేలా ఉండే గుండ్రటి ఆకారమే పెట్టాను. నడుము దగ్గర చుట్టూ సన్నటి గాడి ఒకటి ఉంటుంది. దెబ్బ పడితే అక్కడే తెగుతుంది. కింది ముక్క నేలలోనే ఉండి ఎరువవుతుంది. పై ముక్క తడికి మెత్తబడి, మిషన్ కింద పడినా బ్లేడుకి ఏమీ కాదు.

కుక్కలు కొంచెం ఇబ్బంది పెట్టాయి. కొమ్ము వాసనకి పెరట్లో గుచ్చినవన్నీ తవ్వి తీసుకుపోయాయి. ముద్దలో వేపపిండి కలిపాక మళ్లీ ముట్టలేదు.

ఇంతవరకూ పని హాయిగా సాగింది. ఇక భువనేశ్వర్ సంగతి.

కొత్త ఆలోచనలకి డబ్బు సాయం చేసే సంస్థ ఒకటి ఉందని తెలిసి అప్లికేషన్ పెట్టాను. పిలుపు వచ్చింది. టీలని పెట్టెలో దూది మీద సర్దుకుని, మిషన్ బ్లేడు ఫొటోలు, విరిగిన ముక్క మట్టిలో రోజురోజుకీ ఎలా మారిందో తీసిన ఫొటోలు పట్టుకుని వెళ్లాను. పొద్దున్న రమ్మన్నారు, లోపలికి పిలిచేసరికి సాయంత్రమైంది. మధ్యలో మంచినీళ్లు ఎక్కడున్నాయో చెప్పిన దిక్కు లేదు.

లోపల అయిదుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. నమస్కారం పెట్టి, ఆగ్యా అని ఒడియాలో మొదలుపెట్టాను. రెండు మాటలు కూడా పూర్తికాలేదు. చివర కూర్చున్నాయన పెట్టెలోంచి ఒక టీ తీసి, రెండు చివర్లూ పట్టుకుని టక్కున విరిచేశాడు. "ఏ తొ భాంగిగలా" అన్నాడు. విరిగిపోయిందిగా అని. అందరూ నవ్వారు. గాడి దగ్గర నేను ఎక్కడ విరగాలని పెట్టానో సరిగ్గా అక్కడే తెగింది. ఆ తెగిన చోటు చూపించి చెప్పబోతే, ఆయన రెండు ముక్కల్నీ నా వైపు తోసేసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

పక్కనున్న మేడమ్ అడిగింది. బయోడిగ్రేడబుల్ టీలు మార్కెట్లో ఉన్నాయి కదా, మొక్కజొన్నతో చేసినవి, మళ్లీ ఇదెందుకు అని. ప్రశ్న మంచిదే. జవాబు నా దగ్గరుంది. మొక్కజొన్న పిండితో వచ్చే ఆ ప్లాస్టిక్‌ని పీఎల్‌ఏ అంటారు. అది బాగా కుళ్లాలంటే ఫ్యాక్టరీ కంపోస్టు గుట్టల్లో ఉండే వేడి కావాలి, 58 డిగ్రీల దరిదాపు. గోల్ఫ్ కోర్సు గడ్డి కింద అంత వేడి ఎక్కడ ఉంటుంది? అక్కడ అది మామూలు ప్లాస్టిక్ లాగే ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఇది సగం చెప్పానో లేదో, ఇంకొకాయన అందుకున్నాడు. గజపతి జిల్లాలో గోల్ఫ్ ఎవరాడతారు, పేద జిల్లాకి పనికొచ్చేది ఏదైనా చెయ్యొచ్చు కదా అని. మా ఊళ్లో తయారైతే మా ఊళ్లోనే వాడాలా? మౌసా చేసే కొమ్ము రొయ్యలు మా ఊళ్లో ఎవరి షోకేసులో ఉన్నాయి? అవి బయటికి వెళ్లబట్టే ఆయన ఇల్లు గడిచింది. పేద జిల్లావాడు పేదవాళ్ల వస్తువే చెయ్యాలనడం ఎక్కడి న్యాయం?

పుల్లలో కనిపెట్టడానికి ఏముంది అని కూడా అన్నారు. దీనికి మాత్రం ఊరుకోలేకపోయాను. ఒకప్పుడు ఆటగాళ్లు పెట్టెలోంచి తడి ఇసుక తీసి, చిన్న కుప్ప చేసి దాని మీద బంతి పెట్టేవారు. 1889లో స్కాట్లాండ్‌లో బ్లాక్సమ్, డగ్లస్ అనే ఇద్దరు నేల మీద ఉంచే టీకి పేటెంట్ తీసుకున్నారు. నేలలో గుచ్చే కర్ర టీకి 1899 డిసెంబరు 12న అమెరికాలో పేటెంట్ పొందినది డాక్టర్ జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్. ఆయన పళ్ల డాక్టరు, నల్లజాతివాడు, హార్వర్డ్‌లో పాఠం చెప్పిన మొదటి నల్లజాతి అధ్యాపకుడు. ఆయన దాన్ని అమ్ముకోలేదు, స్నేహితులకి పంచాడు. 1920లలో విలియం లోవెల్ అనే ఇంకో పళ్ల డాక్టరు రెడ్డీ టీ పేరుతో అమ్మి పేరు తెచ్చుకున్నాడు. గ్రాంట్‌ని అమెరికా గోల్ఫ్ సంఘం గుర్తించడానికి 1991 దాకా పట్టింది. ఇదంతా నేను చెబుతుంటే ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆఖర్న అడిగిన ప్రశ్న ఇంకా గుచ్చుతోంది. నా ఒడియా యాస విని, "మీరు తెలుగువాళ్లు కదా, ఆంధ్రలో అప్లై చేసుకోవచ్చుగా" అన్నారు. నా ఆధార్, నా ఓటు, నా షాపు లైసెన్సు, నేను కట్టే పన్ను అన్నీ ఒడిశావే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు ఒడిశాలోకి వచ్చింది, పర్లాకిమిడి జమీందారీలో చాలా భాగం అటు మద్రాసు వైపే ఉండిపోయింది. ఆ గీత మేం గీసింది కాదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ మీదివాళ్లతో వాళ్ల సవర భాషలో రెండు ముక్కలు, ఇలా బతుకుతాం. అటు ఆంధ్రలో అడిగితే మీది ఒడిశా అడ్రస్ అంటారు. అదీ అనుభవమే.

తర్వాత వచ్చిన కాగితంలో మార్కులు వేసి, మన్నిక దగ్గర చాలా తక్కువ అని రాశారు. విరిగింది కాబట్టి. గట్టి టీల ముక్కలే గడ్డి మిషన్లని పాడుచేస్తున్నాయని నేను తీసుకెళ్లిన ఫొటోలు ఒక్కటీ చూడలేదు. ఆ రాత్రి బండిలో ఇంటికొస్తూ కంటినిండా నిద్రపోలేదు. మా ఆవిడకి కూడా నాలుగు రోజుల దాకా ఏమీ చెప్పలేదు.

ఊరట దొరికింది గడ్డి దగ్గరే. మా బావమరిది తమ సూపర్‌వైజరుగారికి టీలు ఇచ్చి వాడించాడు. ఆయన మిషన్ బ్లేడు కింద కావాలని పై ముక్కలు వేసి నడిపించాడు. అంచు మీద వేలు పెట్టి చూసుకుని, "మరో సంచి పంపించండి" అన్నాడు. డిగ్రీలు చూపించి మాట్లాడే మనిషి కాదాయన. ఆ ఒక్క మాట నాకు ఆ అయిదుగురి మార్కుల కంటే ఎక్కువ.

ఇక కాగితాల విషయం. ఎవరికీ చూపించకముందే అప్లికేషన్ వెయ్యండి. నేను భువనేశ్వర్ వెళ్లకముందే వేశాను కాబట్టే వాళ్లు విరిచి చూసినా నా హక్కుకి ఏమీ కాలేదు. ముందే నలుగురిలోకి వెళ్లిపోతే కొత్తదనం లేదని కొట్టేస్తారు. కన్సల్టెంట్ ఒకాయన నలభై వేలు అడిగాడు. డిజైన్ రిజిస్ట్రేషన్‌కి వ్యక్తిగతంగా వేసుకుంటే ప్రభుత్వ ఫీజు 1000 రూపాయలు. అన్ని వైపుల నుంచీ బొమ్మలు, కొత్తదనం ఆకారంలో ఎక్కడుందో ఒక వాక్యం, అంతే. ఆన్‌లైన్‌లో వెయ్యొచ్చు, చూసేది కలకత్తాలో. ఒక అభ్యంతరం వచ్చింది, బొమ్మలు సరిచేసి పంపాను. పదేళ్లు చెల్లుతుంది, ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు.

అయితే ఒకటి తెలుసుకోండి. డిజైన్ కాపాడేది ఆకారాన్నే. కొమ్ముపొడి, చింతపిక్కల జిగురు, వేపపిండి కలిపిన పద్ధతికి పేటెంట్ వేరేగా వెయ్యాలి. ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషన్ వేశాను, ఫీజు 1600. దాని తర్వాత పన్నెండు నెలల్లో పూర్తి వివరం ఇవ్వాలి. మన దేశంలోని మొక్కలు, పశువుల నుంచి వచ్చిన పదార్థం వాడితే జీవవైవిధ్య చట్టం కిందికి వస్తుంది. పేటెంట్ ఇచ్చేలోపు చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర నమోదు ఉండాలి. పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అప్లికేషన్‌లో రాయాలి. ఇది ఏ కన్సల్టెంటూ నాకు ముందు చెప్పలేదు, చట్టం చదివి నేనే తెలుసుకున్నాను. మౌసా దగ్గర కొమ్ముపొడి కొన్నప్పుడల్లా తారీఖు వేసి రసీదు రాయించుకుంటున్నాను. ఆయన మొదట డబ్బు వద్దన్నారు, పారబోసేదే కదా అని. నేనే ఒప్పించి కిలో లెక్కన ఇస్తున్నాను.

ఇప్పుడు విశాఖకి రెండో సంచి సిద్ధమవుతోంది. వానాకాలంలో లక్క పూత ఎంతసేపు ఆగుతుందో చూడాలి. పూత మందం మార్చి మూడు రకాలు చేశాను, మూడూ ఈ సంచిలోనే వెళ్తున్నాయి.