1089 కాదట!

పదకొండున్నరైంది. రెండుసార్లు సబ్బు రాసి కడిగినా చేతులకి పెట్రోలు వాసన పోలేదు. మా ఆయన దుప్పటి పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయారు.

తమ్ముడొచ్చాడు. వాడొస్తే ఇంట్లో ఏదో ఒకటి మారిపోతుంది. పోయినసారి మిక్సీ, ఈసారి నాన్న పాత కారు ప్రీమియర్ పద్మిని. నిన్న నేను పెళ్ళికని గుడివాడ వెళ్ళొచ్చేలోపు బండిని ఆటోనగర్ తోలుకెళ్ళి, దాని సోలెక్స్ కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపేది) పీకించేసి, ఎక్కడినుంచో తెప్పించిన వెబర్ 32/36 పెట్టించాడు. 32, 36 అంటే దాని రెండు గొట్టాల సైజులు, మిల్లీమీటర్లలో. మొదటిది ముందు తెరుచుకుంటుంది, ఇంకా తొక్కితే రెండోది. "సర్‌ప్రైజ్ అక్కా!" అన్నాడు.

ఆ సర్‌ప్రైజ్ పొద్దున బెంజి సర్కిల్ దగ్గర తెలిసింది. పచ్చ లైటు పడగానే యాక్సిలరేటర్ తొక్కితే, బండి ఒకసారి గొణిగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ గొణిగింది. వెనక ఆటో అతను తల బయటపెట్టి "మేడమ్, మ్యూజియానికిచ్చేయండి" అన్నాడు. బండి ఆగినందుకు కాదు, ఆ మాటకి ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి ప్లగ్గులు విప్పితే నాలుగూ మసి, పెట్రోలు ఎక్కువైపోయి. ఆ వెబర్ జెట్లు, అంటే పెట్రోలు వచ్చే చిల్లుల ముక్కలు, ఇంతకు రెట్టింపు ఇంజన్లకి సరిపడేవి మరి. వెబర్ మంచి సరుకే, కాదనను. పెద్ద కార్బురేటర్ పెడితే గాలి ఎక్కువ పోయి పవర్ వస్తుందని వీడి సిద్ధాంతం.

"గాలి లాగేది ఇంజన్ రా, కార్బురేటర్ కాదు. అమ్మమ్మ ఊదుగొట్టం అంత సన్నగా ఎందుకుండేది? గొట్టం లావైతే గాలికి వేగం ఉండదు, వేగం లేకపోతే జెట్‌లోంచి పెట్రోలు లేవదు."

"అయితే ఇంజనే పెద్దది చేసేద్దాం. మన పద్మినికి మూలమైన ఫియట్ 1100 డికి ఇటలీలో 1962లోనే బోరు, అదే సిలిండరు లోపలి వెడల్పు, 72 మిల్లీమీటర్లు చేసి 1221 సీసీ ఇచ్చారు. మనం 68 బోరుతో 1089 సీసీ దగ్గరే ఉండిపోయాం."

అది నిజమే. కానీ వాళ్ళు ఆ బోరుకి తగ్గ బ్లాకు పోతపోశారు. మన బ్లాకులో నాలుగు మిల్లీమీటర్లు చెక్కేస్తే గోడ ఎంత మిగులుతుంది? పైగా నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పరిగెత్తించాక ఆపేదెవరు? "నాన్న ఉంచినట్టే ఉంచుతాను, ఒక్క స్క్రూ కూడా మారదు" అని గట్టిగా చెప్పేశాను.

వాడికేం తెలుసు. దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో బండి ఆగినప్పుడు వీడు అమ్మ ఒళ్ళో నిద్రపోతున్నాడు. టార్చి పట్టుకున్నది నేను. ఇంజన్ వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోతోందని, అమ్మ తువ్వాలు తడిపి పంపు మీద వేశారు నాన్న. పులిహోర డబ్బా చుట్టిన తువ్వాలు అది, నూనె మరకలతో సహా. అయినా కదల్లేదు. అప్పుడు సోలెక్స్ విప్పి, ఇత్తడి జెట్ తీసి, నోట్లో పెట్టుకుని ఊదారు. నేను సాయం చేస్తున్నాననుకుని పిన్నీసు అందిస్తే చేతి మీద ఒక్కటిచ్చారు. "ఇది కొలిచి పెట్టిన చిల్లు. 120 అంటే ఒకటీ పాయింటు రెండు మిల్లీమీటర్లు. పిన్నీసు దూర్చావో, రేపట్నుంచి పెట్రోలు తాగుతుంది." చుట్టూ చీకటి, కోతులు, నా చేతి మంట. ఆ తర్వాత నేను ఏ జెట్‌లోనూ చీపురుపుల్ల కూడా పెట్టలేదు.

రాత్రి అన్నాలయ్యాక ఆ సోలెక్స్‌ని పేపరు మీద విప్పాను. మెకానిక్ గ్యాస్కెట్ చింపేసి, మొత్తాన్ని ఓ క్యారీబ్యాగులో పడేసి పంపాడు, కూరగాయలిచ్చినట్టు. జెట్‌ని ఫోన్ లైటులో చూద్దును కదా, 120 మీద రెండు అడ్డగీతలు. పక్కన సూదితో గీకినట్టు 130. ఆ మూడు నాన్న మూడే, నెత్తి మీద చదునుగా గీత.

చిల్లు పెద్దది చేయించింది ఆయనే!

బీరువాలో బండి ఫైలు తీశాను. 1994, లేత్ షాపు బిల్లు: నాలుగు సిలిండర్లు బోరింగు, పిస్టన్లు 1.0 ఓవర్ సైజు, అంటే బోరు ఒక మిల్లీమీటరు పెద్దది. ఫోన్లో లెక్క వేశాను. 69 బోరు, 75 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), నాలుగు సిలిండర్లు: 1122 సీసీ. పొద్దుట్నుంచీ 1089 అని నేను గొంతు చించుకుంటున్న బండి ముప్ఫై ఏళ్ళుగా 1089 కాదట. సిలిండర్లు అరిగిపోయి చేయించి ఉంటారులే, స్పీడు కోసం కాదు. అయినా స్క్రూ కూడా మారదన్నానే.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఏడాదిగా సోలెక్స్ తుమ్ముతోంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది మండడానికి తక్కువ గాలి చాలు, కాబట్టి పాత జెట్‌తో గాలి ఎక్కువై, పెట్రోలు చాలక మిశ్రమం పలచబడుతుంది. ఆ 130 కూడా చాలడం లేదేమో. వెబర్‌కి చిన్న జెట్లు వేస్తే మొదటి గొట్టంతో ఊళ్ళో బాగానే తిరగొచ్చు. సాయంత్రం వాడు నడుపుతుంటే, కానూరు దాటాక రెండోది తెరుచుకున్నప్పుడు బండి నిజంగానే లేచింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

72 బోరు మాత్రం కుదరదు. ఇప్పటికే ఒకటి చెక్కేశారు. ఆ మాట చెప్పాలంటే బిల్లు చూపించాలి. చూపిస్తే ఇక నన్ను బతకనివ్వడు. బియ్యం డబ్బా అడుగున పెట్టాను. కాఫీ అడగడానికి తప్ప వాడు వంటింట్లోకి రాడు.